ఒకే లాగిన్‌తో నడిచే ల్యాబ్ డేటాబేస్: ఎవరు చూడాలి, ఎవరు మార్చాలి అన్నది పోస్ట్‌గ్రెస్‌లో ఎలా కట్టుదిట్టం చేయాలి?

మీరు రాసినది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మూడు బ్రాంచిల డయాగ్నస్టిక్ ల్యాబ్, మధ్యలో ఒకే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్. మొదట 12వ వెర్షన్, ఇప్పుడు 16కి అప్‌గ్రేడ్ చేశారు. రిసెప్షన్ నుంచి డాక్టరుగారి దాకా, అప్పుడప్పుడు వచ్చి చూసే బయటి డెవలపర్‌తో సహా, అందరూ ల్యాబ్‌అడ్మిన్ అనే ఒకే లాగిన్ మీద నడుస్తున్నారు. డాక్టరు అథరైజ్ చేసేసిన రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) విలువ తర్వాత మారిపోయింది, ఎవరు మార్చారో తేలలేదు. దాంతో విడివిడిగా రోల్స్ (డేటాబేస్‌లో ఒక్కో పేరు, దానికి తగ్గ అనుమతులు) చేయడం మొదలుపెట్టారు, అక్కడ మూడు చిక్కులొచ్చాయి. అకౌంట్స్ రోల్‌కి రోగుల టేబుల్ చూసే అనుమతి ఇచ్చి, ఫోన్ నంబరు కాలమ్ మీద మాత్రం రివోక్ చేశారు (అనుమతి వెనక్కి తీసుకున్నారు), అయినా నంబర్లు కనిపిస్తూనే ఉన్నాయి. పోయిన వారం చేసిన కొత్త టేబుల్ ఎవరికీ తెరుచుకోవడం లేదు. ఏ బ్రాంచి వాళ్ళకి ఆ బ్రాంచి వరుసలే కనపడాలని రో లెవెల్ సెక్యూరిటీ పెట్టారు, కానీ యాప్‌లో మూడు బ్రాంచిలూ కనిపిస్తున్నాయి. చివర్లో "డేటా అంతా ఎన్‌క్రిప్ట్ చేసేస్తే సరిపోతుందా?" అని అడిగారు.

ముందు మూడో చిక్కు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని వెనకే ఉన్నాయి. మీ యాప్ లాగిన్ అవుతున్న ల్యాబ్‌అడ్మినే ఆ టేబుల్స్‌కి ఓనర్. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ ఎవరు చేస్తే వాళ్ళే దాని ఓనర్. రో లెవెల్ సెక్యూరిటీ మామూలుగా ఓనర్‌కి వర్తించదు. అద్దెకున్నవాళ్ళకి పెట్టిన షరతులు ఇంటి ఓనర్‌కి వర్తించనట్టే. మీరు రాసిన పాలసీలో (ఏ వరుస ఎవరికి అన్న షరతులో) తప్పేమీ లేదు. దాన్ని పట్టించుకోనక్కర్లేని మనిషి పేరుతో యాప్ నడుస్తోంది, అంతే.

"ఫోర్స్ రో లెవెల్ సెక్యూరిటీ అని ఒకటుంది కదా, అది పెడితే ఓనర్‌కి కూడా వర్తిస్తుంది కదా" అని ఎవరైనా సలహా ఇస్తారు. నిజమే, వర్తిస్తుంది. కానీ ఆ ఫోర్స్‌ని తీసేసే అధికారం కూడా ఓనర్‌దే. టేబుల్‌ని డ్రాప్ చేయడం, ఆల్టర్ చేయడం, దానిమీది ట్రిగ్గర్‌ని (టేబుల్‌లో మార్పు జరగగానే దానంతటదే నడిచే కోడ్‌ని) ఆపేయడం ఇవన్నీ ఓనర్‌కి పుట్టుకతో వచ్చే హక్కులు. గ్రాంట్‌తో (అనుమతి ఇచ్చే కమాండ్‌తో) వచ్చినవి కావు కాబట్టి రివోక్‌తో పోవు. మామూలు సెలెక్ట్ (చదవడం), అప్‌డేట్ (మార్చడం) అనుమతుల్ని మీరు ఓనర్ దగ్గర నుంచి రివోక్ చేసినా, మళ్ళీ తనకు తానే గ్రాంట్ చేసుకోగలడు. అందుకే నేను ఏ డేటాబేస్ చూడ్డానికి వెళ్ళినా మొదట అడిగేది ఒకటే, రోజూ పని జరిగే లాగిన్, టేబుల్స్ ఓనర్ ఒకటేనా అని. ఒకటే అయితే మిగతా ఏర్పాట్లన్నీ కాగితం మీద ఉన్నట్టే.

ఇంకొకటి కూడా చూసుకోండి. పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు ఇచ్చే పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ డీయూ కొట్టి, ల్యాబ్‌అడ్మిన్ పక్కన సూపర్‌యూజర్ అని ఉందేమో చూడండి. చిన్న వెండర్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో తరచూ ఉంటుంది. సూపర్‌యూజర్‌కి ఏ గ్రాంటూ అడ్డం రాదు, ఫోర్స్ పెట్టినా పాలసీ అడ్డం రాదు. పైగా కాపీ కమాండ్‌లో ప్రోగ్రామ్ అనే మాట చేర్చి సర్వర్ మెషీన్ మీదే ప్రోగ్రాములు నడిపించగలడు. అంటే మీ వెబ్ పేజీలో ఒక్క ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (ఫారంలో టైప్ చేసినది డేటాబేస్ కమాండ్‌గా నడిచిపోవడం) ఉన్నా పోయేది డేటా ఒక్కటే కాదు, మెషీన్ మొత్తం.

కాబట్టి మొదటి పని ఇది. ల్యాబ్‌ఓనర్ అని ఒక రోల్ చేయండి, దానికి నోలాగిన్ పెట్టండి, అంటే ఆ పేరుతో ఎవరూ లాగిన్ కాలేరు. టేబుల్స్, వ్యూలు (టేబుల్‌లా కనిపించే, రాసి పెట్టుకున్న క్వెరీలు), ఫంక్షన్లు అన్నీ దాని పేరు మీదకి మార్చండి. రీఅసైన్ ఓన్డ్ అనే కమాండ్ ఒక్క దెబ్బకి మారుస్తుంది. అయితే మీ టేబుల్స్ పోస్ట్‌గ్రెస్ అనే మొదటి సూపర్‌యూజర్ పేరు మీదే ఉంటే అది ఒప్పుకోదు, ఎందుకంటే సిస్టమ్ వస్తువులు కూడా ఆ పేరు మీదే ఉంటాయి. అప్పుడు టేబుల్ తర్వాత టేబుల్ ఆల్టర్ టేబుల్ ఓనర్ టు అని మార్చుకోవాల్సిందే. ఇకమీదట టేబుల్ నిర్మాణం మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం, దానికి అర్హత ఉన్న మనిషి తన సొంత లాగిన్‌తో వచ్చి సెట్ రోల్ ల్యాబ్‌ఓనర్ అని ఆ టోపీ పెట్టుకుని పని చేసి దిగిపోతాడు. యాప్‌కి ఆ టోపీ ఎప్పుడూ ఇవ్వకూడదు.

ఇప్పుడు ఫోన్ నంబర్ల సంగతి. ఇది చాలామందిని తికమక పెడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ మొత్తానికి ఇచ్చిన అనుమతి ఒక చోట, కాలమ్‌కి ఇచ్చిన అనుమతి వేరే చోట రాసి ఉంటాయి. రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు, చదవనిస్తుంది. మీరు టేబుల్ మొత్తానికి సెలెక్ట్ ఇచ్చి, ఫోన్ కాలమ్ మీద రివోక్ చేసినప్పుడు, అసలు ఇవ్వని కాలమ్ అనుమతిని వెనక్కి తీసుకున్నారు. కమాండ్ ఎర్రర్ లేకుండా అయిపోయింది, మీరు పని అయిందనుకున్నారు. "అన్నీ, ఇది తప్ప" అని చెప్పే పద్ధతి అందులో లేదు. ముందు టేబుల్ మీద సెలెక్ట్ మొత్తం రివోక్ చేసి, తర్వాత చూడదగ్గ కాలమ్‌ల పేర్లు బ్రాకెట్లో ఒక్కొక్కటిగా రాసి గ్రాంట్ చేయాలి.

అలా చేశాక అకౌంట్స్ వాళ్ళ రిపోర్టుల్లో సగం ఆగిపోతాయి, కంగారు పడకండి. సెలెక్ట్ స్టార్ అని రాసిన ప్రతి చోటా "పర్మిషన్ డినైడ్" వస్తుంది, ఎందుకంటే ఆ స్టార్‌లో ఫోన్ కాలమ్ కూడా ఉంది. కాలమ్ పేర్లు విడిగా రాయించుకోవాలి. ఒక లాభం ఏమిటంటే, అనుమతి లేని కాలమ్‌ని వేర్ షరతులో వాడటం కూడా కుదరదు. "ఈ నంబరు ఉన్న రోగి ఎవరు" అని వెనక నుంచి వెతికే దారి కూడా మూసుకుపోతుంది.

కొందరు ఇక్కడ వ్యూ వాడమంటారు. వ్యూ మంచిదే, కానీ మీ దగ్గర బ్రాంచి పాలసీ కూడా ఉంది కాబట్టి ఒక మెలిక ఉంది. వ్యూ మామూలుగా దాన్ని చేసినవాళ్ళ అధికారంతో టేబుల్‌ని చదువుతుంది, చూస్తున్నవాళ్ళ అధికారంతో కాదు. ల్యాబ్‌ఓనర్ చేసిన వ్యూ ల్యాబ్‌ఓనర్ కళ్ళతోనే చూస్తుంది, ఓనర్‌కి పాలసీ లేదు, కాబట్టి ఆ వ్యూ తెరిచినవాళ్ళకి మూడు బ్రాంచిలూ కనిపిస్తాయి. ఫోన్ నంబర్లు దాచారు కానీ పక్క బ్రాంచి బిల్లులన్నీ తెరిచి పెట్టారన్నమాట. 15వ వెర్షన్ నుంచి వ్యూకి సెక్యూరిటీ ఇన్వోకర్ అనే ఆప్షన్ వచ్చింది. అది పెడితే చూస్తున్న మనిషి అనుమతులు, ఆ మనిషికి వర్తించే పాలసీలు లెక్కలోకి వస్తాయి. మీది 16 కాబట్టి, కింద టేబుల్ మీద కాలమ్‌ల వారీ గ్రాంట్, పైన ఆ ఆప్షన్‌తో వ్యూ, ఈ రెండూ కలిపి వాడండి.

కొత్త టేబుల్ తెరుచుకోకపోవడం చిన్న విషయం. గ్రాంట్ ఆన్ ఆల్ టేబుల్స్ ఇన్ స్కీమా (స్కీమా అంటే టేబుల్స్‌ని గుంపుగా పెట్టే అర) అన్నది ఆ రోజుకి ఉన్న టేబుల్స్‌కే. రేపు చేసేవాటికి ఆల్టర్ డీఫాల్ట్ ప్రివిలేజెస్ అని వేరే కమాండ్ ఉంది, కానీ అది ఏ రోల్ చేసిన టేబుల్స్‌కి అన్నది కూడా చూస్తుంది. ఒక రోల్ కోసం డీఫాల్ట్ పెట్టి, డెవలపర్ తన సొంత లాగిన్‌తో టేబుల్ చేస్తే ఆ డీఫాల్ట్ వర్తించదు. మీ దగ్గర అదే జరిగి ఉంటుంది. స్కీమా మీద యూసేజ్ లేకపోయినా లోపలి టేబుల్ అనుమతి పనికిరాదు. సీరియల్ కాలమ్ ఉన్న టేబుల్‌లో ఇన్సర్ట్ చేయాలంటే దానికి వరుస నంబర్లు ఇచ్చే సీక్వెన్స్ మీద కూడా యూసేజ్ కావాలి, ఐడెంటిటీ కాలమ్ అయితే అక్కర్లేదు. నన్నడిగితే రోగుల డేటా ఉన్న స్కీమాలో డీఫాల్ట్ అనుమతులు అసలు పెట్టకపోవడమే మేలు. కొత్త టేబుల్ ఎవరికీ కనిపించకపోతే ఎవరో ఫోన్ చేసి అడుగుతారు. అందరికీ కనిపిస్తే ఎవరూ ఫోన్ చేయరు.

మీది పాత వెర్షన్ నుంచి వచ్చిన డేటాబేస్ కాబట్టి ఇంకో చోట చెయ్యి పెట్టాలి. 15వ వెర్షన్‌కి ముందు, పబ్లిక్ స్కీమాలో ఎవరైనా టేబుల్, ఫంక్షన్ చేసుకోవచ్చు. 15లో ఆ అనుమతి తీసేశారు, కానీ కొత్తగా చేసిన డేటాబేస్‌లకి మాత్రమే. అప్‌గ్రేడ్ చేసినా, పాత డంప్ (డేటాబేస్ కాపీ ఫైల్) ఎక్కించినా పాత అనుమతి అలాగే వెంట వస్తుంది. 16లో ఉన్నాం కదా అని ధీమాగా ఉండకుండా, పబ్లిక్ స్కీమా మీద క్రియేట్‌ని పబ్లిక్ నుంచి రివోక్ చేయండి. ఇక్కడ రెండో పబ్లిక్ అంటే అందరూ అని అర్థం. కొత్తగా చేసే ప్రతి ఫంక్షన్‌ని నడిపే అనుమతి కూడా అందరికీ దానంతటదే వచ్చేస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

ఇక అసలు విషయం, ఆ క్రియాటినిన్. చూడటం ఒక సమస్య, మార్చడం అంతకన్నా పెద్ద సమస్య. ఫోన్ నంబరు బయటికి పోతే రోగికి ఇబ్బంది. క్రియాటినిన్ 1.1 ఉన్నది 4.1 అయితే, ఆ కాగితం చూసి ఇంకో డాక్టరు మందు మారుస్తారు. మీ మెసేజ్‌లో "ఎవరు చూస్తున్నారు" అన్నదాని మీద ఎక్కువ టెన్షన్ కనిపిస్తోంది. నేనైతే ముందు మార్చే దారులు మూసేస్తాను.

అథరైజ్ చేసిన ఫలితం మీద అప్‌డేట్ అనేది ఎవరికీ ఉండకూడదు, డాక్టరుగారితో సహా. సవరించాల్సి వస్తే పాత వరుసని ముట్టుకోకుండా, కొత్త వెర్షన్ నంబరుతో కొత్త వరుస ఇన్సర్ట్ చేయాలి. అందులో పాత వరుస ఏదో, ఎందుకు మార్చారో, ఎవరు మార్చారో ఉండాలి. ఇది నా చాదస్తం కాదు. ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ అక్రెడిటేషన్‌కి ఆధారమైన ఐఎస్ఓ 15189 కూడా సవరించిన రిపోర్టుని సవరించినదిగానే గుర్తించి, మొదటి రిపోర్టుకి దాన్ని జోడించి చూపాలంటుంది. మీ ల్యాబ్‌కి ఆ సర్టిఫికెట్ ఉన్నా, తీసుకునే ఆలోచన ఉన్నా, అసెసర్లు దీన్ని అడుగుతారు.

పాలసీల్లో ఇలా రాయాలి. యూజింగ్ అన్నది మార్చక ముందున్న వరుసని చూస్తుంది, విత్ చెక్ అన్నది మార్చాక వచ్చే వరుసని చూస్తుంది. టెక్నీషియన్ రోల్‌కి అప్‌డేట్ పాలసీలో, యూజింగ్ దగ్గర స్టేటస్ పెండింగ్, విత్ చెక్ దగ్గర కూడా పెండింగ్ పెట్టండి. విలువ దిద్దుకోవచ్చు, అథరైజ్ చేయలేరు. డాక్టరు రోల్‌కి యూజింగ్ దగ్గర పెండింగ్, విత్ చెక్ దగ్గర పెండింగ్ లేదా అథరైజ్డ్. విత్ చెక్ రాయకుండా వదిలేస్తే యూజింగ్ షరతే రెండు చోట్లా వాడుకుంటుంది, అప్పుడు డాక్టరుగారు కూడా అథరైజ్ చేయలేరు. ఒకే రోల్‌కి రెండు మూడు పాలసీలు పెడితే వాటిలో ఏ ఒక్కటి ఒప్పుకున్నా దారి దొరుకుతుంది. అన్నీ ఒప్పుకోవాలనుకుంటే రిస్ట్రిక్టివ్ అని రాయాలి. బ్రాంచి షరతు తప్పకుండా అలా రిస్ట్రిక్టివ్‌గానే ఉండాలి.

ఇక్కడ యాప్ రాసినవాళ్ళకి చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఒకటుంది. విత్ చెక్ తప్పితే ఎర్రర్ వస్తుంది. యూజింగ్ తప్పితే ఎర్రర్ రాదు, ఆ వరుస అసలు లేనట్టే ఉంటుంది, "అప్‌డేట్ 0" అని మాత్రం వస్తుంది. ఎన్ని వరుసలు మారాయో యాప్ చూడకపోతే, టెక్నీషియన్ సేవ్ నొక్కగానే "సేవ్ అయింది" అని పచ్చగా చూపిస్తుంది, లోపల ఏమీ మారదు. ల్యాబ్‌లో అది ఇంకో రకం ప్రమాదం. 0 వచ్చిన చోట గట్టిగా ఎర్రర్ చూపించమని చెప్పండి.

గ్రాంట్ ఆల్ అని ఎక్కడా రాయకండి. ఆ ఆల్‌లో ట్రంకేట్ కూడా ఉంది, ట్రంకేట్‌కి పాలసీలు వర్తించవు, టేబుల్ మొత్తం ఒక్కసారిగా ఊడ్చేస్తుంది. సెలెక్ట్, ఇన్సర్ట్, అప్‌డేట్ అని పేరు పేరునా ఇవ్వండి. డిలీట్ ఎవరికీ వద్దు. అన్నట్టు, రోగుల టేబుల్‌కి, ఫలితాల టేబుల్‌కి మధ్య ఫారిన్ కీ (రెండు టేబుల్స్‌ని కలిపే లింకు) మీద ఆన్ డిలీట్ క్యాస్కేడ్ ఉందేమో చూడండి. ఉంటే, రోగుల టేబుల్ మీద డిలీట్ ఉన్న రిసెప్షన్ అబ్బాయి డూప్లికేట్ ఎంట్రీ తీసేస్తున్నాననుకుని ఒక రోగిని తీసేస్తే, ఆ రోగి ఫలితాలన్నీ పోతాయి. ఫలితాల టేబుల్ మీద అతనికి ఏ అనుమతీ లేకపోయినా పోతాయి, ఎందుకంటే ఆ క్యాస్కేడ్ పని ఫలితాల టేబుల్ ఓనర్ అధికారంతో జరుగుతుంది, పాలసీలు కూడా అడ్డం రావు. గ్రాంట్‌లన్నీ చక్కగా పెట్టి దీన్ని వదిలేసిన చోట్లు చూశాను. దాన్ని రిస్ట్రిక్ట్‌గా మార్పించండి.

"ఎవరు మార్చారు" అన్నది తెలియాలంటే ట్రిగ్గర్ కావాలి. ఫలితాల టేబుల్ మీద ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ ఏది జరిగినా పాత విలువ, కొత్త విలువ, సమయం, మనిషి ఆడిట్ టేబుల్‌లోకి వెళ్ళాలి. ఆ టేబుల్‌లో నేరుగా రాసే అనుమతి ఎవరికీ ఇవ్వకుండా, ట్రిగ్గర్ ఫంక్షన్‌ని సెక్యూరిటీ డిఫైనర్‌గా చేయాలి, అంటే అది ఫంక్షన్ ఓనర్ అధికారంతో నడుస్తుంది. అలా చేసిన ప్రతి ఫంక్షన్‌కి సెర్చ్ పాత్ (పేర్లని ఏ స్కీమాల్లో వెతకాలన్న జాబితా) కచ్చితంగా కట్టేయండి, లేకపోతే అదే పేరుతో ఇంకో టేబుల్ చేసి దాన్ని పక్కదారి పట్టించవచ్చు. ఆ ఫంక్షన్ లోపల కరెంట్ యూజర్ అని అడిగితే ఫంక్షన్ ఓనర్ పేరే వస్తుంది. లాగిన్ అయిన పేరు కావాలంటే సెషన్ యూజర్ అని అడగాలి. ఆడిట్ టేబుల్ నిండా ల్యాబ్‌ఓనర్, ల్యాబ్‌ఓనర్ అని ఉందంటే కారణం ఇదే.

డెస్క్‌టాప్ యాప్ నుంచి ఎవరి లాగిన్‌తో వాళ్ళు వస్తే ఇక్కడితో అయిపోయేది. మీకు వెబ్ యాప్ కూడా ఉంది, అది ఒకే లాగిన్‌తో కనెక్షన్లు తెరిచి పెట్టుకుని అందరికీ పంచుతుంది. అక్కడ నేను చేసే పద్ధతి ఇది. వెబ్‌యాప్ అనే రోల్‌కి లాగిన్ తప్ప సొంతంగా ఏ అనుమతీ ఇవ్వను. రిసెప్షన్, టెక్నీషియన్, డాక్టరు, అకౌంట్స్ అనే గ్రూప్ రోల్స్‌లో దాన్ని సభ్యుడిగా చేస్తాను, కానీ వాటి అనుమతులు దానంతటవే రాకుండా ఇన్హెరిట్ ఆపేస్తాను. 16 నుంచి ఇది సభ్యత్వం ఇచ్చే గ్రాంట్‌లోనే చెప్పవచ్చు. ప్రతి ట్రాన్సాక్షన్ (ఒకే పనిగా నడిచే కమాండ్ల గుంపు) మొదట్లో యాప్ సెట్ లోకల్ రోల్ టెక్నీషియన్ అని, తర్వాత సెట్ కాన్ఫిగ్‌తో ఆ మనిషి ఐడీ, బ్రాంచి కోడు పెడుతుంది. పాలసీ, ట్రిగ్గర్ ఆ విలువల్ని చదువుకుంటాయి.

లోకల్ అన్న మాట మర్చిపోవద్దు. కనెక్షన్లు పంచే పీజీబౌన్సర్‌ని ట్రాన్సాక్షన్ మోడ్‌లో వాడుతుంటే ఉత్త సెట్ ప్రాణం తీస్తుంది. ఒక టెక్నీషియన్ కోసం పెట్టిన పేరు ఆ కనెక్షన్ మీద అలాగే ఉండిపోయి, తర్వాత అదే కనెక్షన్ అందుకున్న వేరే మనిషి పని మొదటివాళ్ళ ఖాతాలో పడుతుంది. ఇలాంటి ఆడిట్ కన్నా అసలు ఆడిట్ లేకపోవడమే నయం, ఎందుకంటే చెయ్యని మనిషిని పట్టిస్తుంది. ఇంకో చిన్న ముల్లు కూడా ఉంది. ఒకసారి లోకల్‌గా పెట్టిన విలువ ట్రాన్సాక్షన్ అయ్యాక నల్‌గా (విలువే లేనట్టు) కాకుండా ఖాళీ స్ట్రింగ్‌గా మిగులుతుంది. బ్రాంచి కోడు అంకె అయితే దాన్ని అంకెగా మార్చబోయి ఎర్రర్ వస్తుంది. నల్ఇఫ్ వాడి ఖాళీని నల్ చేసుకోండి, అప్పుడు బ్రాంచి పెట్టడం మర్చిపోతే ఒక్క వరుస కూడా కనిపించదు. కావాల్సింది అదే.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. వెబ్‌యాప్ పాస్‌వర్డ్ చేతిలో ఉన్నవాళ్ళు నేరుగా ఎస్‌క్యూఎల్ కొట్టి ఏ రోల్ అయినా తగిలించుకోవచ్చు, ఏ పేరైనా పెట్టుకోవచ్చు. కాబట్టి ఆ పాస్‌వర్డ్ యాప్ సర్వర్ దాటి బయటికి రాకూడదు. డెవలపర్‌కి, మీకు, డేటా చూసే ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్ ఉండాలి. ఎవరు ఎక్కడి నుంచి లాగిన్ కావచ్చో రాసే పీజీ హెచ్‌బీఏ ఫైల్‌లో వెబ్‌యాప్ రోల్ కేవలం యాప్ సర్వర్ ఐపీ నుంచే రావాలని రాయండి. ఆ ఫైల్‌లో పై నుంచి కిందకి చూసి, మొదట సరిపోయిన లైనే తీసుకుంటుంది, మిగతా లైన్లు చూడదు. పైన ఎక్కడో ఇన్‌స్టాల్ చేసిన రోజున పెట్టిన ట్రస్ట్ లైన్ ఉంటే, కింద ఎంత గట్టిగా రాసినా దండగ. ట్రస్ట్ అంటే పాస్‌వర్డ్ అడగదు. సర్వర్‌లో పాస్‌వర్డ్‌లు స్క్రామ్ పద్ధతిలో దాచి ఉండాలి. మీవి 12 నాటి పాస్‌వర్డ్‌లైతే ఇంకా పాత, బలహీనమైన ఎండీ5 పద్ధతిలోనే ఉండొచ్చు, కొత్తగా పెట్టించండి.

ఉద్యోగం మానేసిన మనిషి రోల్‌ని డ్రాప్ చేయబోతే, ఆ పేరు మీద ఏదైనా టేబుల్ గానీ గ్రాంట్ గానీ ఉంటే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. డ్రాప్ చేయక్కర్లేదు కూడా. నోలాగిన్ పెట్టండి చాలు, పాత ఆడిట్‌లో పేరుకి అర్థం మిగులుతుంది. కాకపోతే అప్పటికే లోపలున్న సెషన్ దానివల్ల తెగదు, పీజీ టెర్మినేట్ బ్యాకెండ్‌తో తెంపాలి.

ఆడిట్ టేబుల్ కూడా అదే సర్వర్ మీద ఉన్నంతకాలం, సూపర్‌యూజర్ దాన్ని మార్చగలడు. దీనికి డేటాబేస్ లోపల మందు లేదు. ఎవరు ఏ కమాండ్ నడిపారో లాగ్‌లో రాసే పీజీఆడిట్ ఎక్స్‌టెన్షన్ (అదనపు భాగం) పెట్టి, సర్వర్ లాగ్‌ని వేరే మెషీన్‌కి పంపించండి, ఆ రెండో మెషీన్ తాళం డేటాబేస్ చూసుకునే మనిషి చేతిలో ఉండకూడదు. మూడు బ్రాంచిల ల్యాబ్‌కి ఇది అతి అనిపిస్తే, కనీసం ల్యాబ్ యజమాని దగ్గర ఉండే చిన్న కంప్యూటర్‌కైనా పంపండి.

ఎన్‌క్రిప్షన్ ప్రశ్నకి వస్తే, డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి, మంచిదే. సర్వర్ దొంగలపాలైనా, పాత హార్డ్ డిస్క్ స్క్రాప్‌కి వెళ్ళినా కాపాడుతుంది. కానీ సర్వర్ నడుస్తున్నప్పుడు ల్యాబ్‌అడ్మిన్‌గా లాగిన్ అయిన మనిషికి డేటా మామూలుగానే కనిపిస్తుంది, మామూలుగానే మార్చగలడు. మీ క్రియాటినిన్ మార్చిన మనిషిని ఏ డిస్క్ ఎన్‌క్రిప్షనూ ఆపి ఉండేది కాదు. ఎన్‌క్రిప్షన్ నిజంగా కావాల్సింది బ్యాకప్‌కి. రాత్రి తీసే పీజీ డంప్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకో ఎవరి పర్సనల్ డ్రైవ్‌లోకో వెళ్తోందంటే, ఇంతసేపూ మనం మాట్లాడుకున్న గ్రాంట్‌లు, పాలసీలు ఏవీ దాన్ని కాపాడవు. దాన్ని ఇంకో కంప్యూటర్లో ఎక్కించుకుంటే వాళ్ళే సూపర్‌యూజర్. అకౌంట్స్ వాళ్ళు దించుకునే ఎక్సెల్ షీట్లూ అంతే.

బ్యాకప్‌కి వేరే రోల్ చేయండి. 14 నుంచి పీజీ రీడ్ ఆల్ డేటా అనే రెడీమేడ్ రోల్ ఉంది, దాన్ని ఇచ్చి, బైపాస్ ఆర్‌ఎల్‌ఎస్ (రో లెవెల్ సెక్యూరిటీ వర్తించకుండా చేసేది) కూడా చేర్చండి. అది చేర్చకపోతే పాలసీలున్న టేబుల్ దగ్గర డంప్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. సగం వరుసలతో నిశ్శబ్దంగా బ్యాకప్ తీయడం కన్నా ఆగిపోవడమే మంచిదని అలా పెట్టారు. కాబట్టి పాలసీలు పెట్టిన మర్నాడు పొద్దున్నే బ్యాకప్ లాగ్ తప్పకుండా చూడండి.

చట్టం సంగతి కూడా ఒక మాట. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం డేటాకి తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చు. మీ స్థాయి ల్యాబ్‌కి అంత పడుతుందని భయపెట్టడం లేదు. కానీ "అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడతాం" అన్నది ఎక్కడా చెప్పుకోదగ్గ జవాబు కాదు.

అన్నీ పెట్టాక పరీక్ష సూపర్‌యూజర్‌గా కూర్చుని చేయకండి, అక్కడ అన్నీ తెరుచుకుంటాయి. సెట్ రోల్ టెక్నీషియన్ అని, అథరైజ్ అయిన ఒక రిపోర్టు విలువ మార్చబోండి, 0 వరుసలు రావాలి. సెట్ రోల్ అకౌంట్స్ అని ఫోన్ కాలమ్ అడగండి, పర్మిషన్ డినైడ్ రావాలి. బ్రాంచి పెట్టకుండా ఫలితాలు అడగండి, ఖాళీ రావాలి. బ్యాక్‌స్లాష్ డీపీ కొడితే ఏ టేబుల్ మీద ఎవరికి ఏ అక్షరాలున్నాయో (ఒక్కో అక్షరం ఒక్కో అనుమతి) కనిపిస్తుంది, పెద్ద డీ కనిపించిన చోట ట్రంకేట్ ఉందని అర్థం. ఈ పరీక్షలన్నీ ఒక ఫైల్‌లో రాసి పెట్టుకుని, వెండర్ కొత్త వెర్షన్ ఎక్కించిన ప్రతిసారీ నడపండి. అప్‌డేట్ స్క్రిప్టులో గ్రాంట్ ఆల్ అని ఒక లైను దొర్లడం మామూలే.

అన్నీ ఒకే రోజు మార్చవద్దు. ముందు ఆడిట్ ట్రిగ్గర్ పెట్టండి, దానివల్ల ఎవరి పనీ ఆగదు. తర్వాత ఓనర్‌ని విడదీసి, యాప్‌ని కొత్త రోల్ మీదకి మార్చండి. ఆ రోజు ఎర్రర్లు వస్తాయి, కాబట్టి శాంపిళ్ళు తక్కువుండే ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి. పాలసీలు, కాలమ్ గ్రాంట్‌లు ఆ తర్వాత.

వెండర్ "మా సాఫ్ట్‌వేర్ సూపర్‌యూజర్ లేకుండా నడవదు" అంటారని మీరు రాశారు. ఏ కమాండ్‌కి కావాలో రాసిమ్మనండి. నేను చూసినంతలో చాలాసార్లు అది క్రియేట్ ఎక్స్‌టెన్షన్ అయి ఉంటుంది. 13వ వెర్షన్ నుంచి పీజీక్రిప్టో, పీజీ ట్రిగ్రమ్, యూయూఐడీ ఓఎస్ఎస్‌పీ లాంటివి ట్రస్టెడ్ ఎక్స్‌టెన్షన్లు. డేటాబేస్ మీద క్రియేట్ అనుమతి ఉన్న మామూలు రోల్ కూడా వాటిని పెట్టగలదు, ఆ అనుమతి ల్యాబ్‌ఓనర్‌కి ఇస్తే సరిపోతుంది. ఆ జాబితాలో లేనిదేదైనా అడిగితే, దాన్ని మీరే ఒకసారి సూపర్‌యూజర్‌గా ఎక్కించి ఇవ్వండి. వాళ్ళు ఏ కమాండ్ చెప్పారో ఇక్కడ రాస్తే చూస్తాను.